గడియారం నొక్కినోళ్లు ఏం అడుగుతున్నరో అది ముందు చెప్పాలె

సంపాదకులు గారికి నమస్కారం,

నేను నల్లగొండల క్లాక్ టవర్ సెంటర్ దగ్గర్ల ఒక చిన్న కంప్యూటర్ కోచింగ్ సెంటర్ నడుపుత, పదిహేడేండ్ల సంది అదే పని. టైపింగు, ఆఫీసు, ట్యాలీ, ఆన్‌లైన్ల ఫారాలు నింపుడు, ఈమెయిల్ పంపుడు ఇసొంటివి నేర్పుతం. డిగ్రీ పిల్లలు వస్తరు, అంగన్‌వాడీ టీచర్లు వస్తరు, రైస్ మిల్లుల్ల లెక్కలు రాసే గుమస్తాలు మిర్యాలగూడ నుంచి కూడ వస్తరు, రిటైర్ అయినోళ్లు వస్తరు. మీ పేపర్ల కంప్యూటర్ల గురించి, ఫోన్ల గురించి, ఏఐ గురించి వార్తలు చదువుతనే ఉంట, కానీ మా దగ్గరికి వచ్చేటోళ్లు రోజూ తిప్పలు పడే ఒక చిన్న విషయం గురించి ఎవ్వరు రాయంగ చూడలే, అందుకే ఈ ఉత్తరం. జర పెద్దగైతది, వీలైనంత వేసుకోండ్రి.

విషయం ఏందంటే కంప్యూటర్ తెర మీద ఉండే గడియారం, దాన్ని నొక్కితె తెరుచుకునే డబ్బా. కొన్నిట్ల అందుల ఉత్త క్యాలెండరే ఉంటది, కొన్నిట్ల నోటిఫికేషన్లు కూడ అండ్లనే ఉంటయి, కొన్నిట్లయితే నోటిఫికేషన్లు పైన ఉండి క్యాలెండర్ కింద నక్కి ఉంటది. ఇది చిన్న విషయం అనిపిస్తది, కానీ కంప్యూటర్ ముందట కూసున్న మనిషి దినాం పదిసార్లు చూసే జాగ అది. 2025 అక్టోబర్ 14తోని విండోస్ 10కు మామూలు సపోర్ట్ అయిపోయింది, అప్పటిసంది దుకాణాలల్ల, ఇండ్లల్ల, బళ్లల్ల చానా మంది కొత్త వాటికి మారుతున్నరు, కొందరు విండోస్ బదులు లైనక్స్ అనే ఇంకో సిస్టం ఎక్కించుకుంటున్నరు, మారిన ప్రతి ఒక్కరికి మొదట తగిలే తేడాలల్ల ఈ గడియారం డబ్బా ఒకటి.

నేను కొత్త బ్యాచ్‌కు మొదటి రోజు పెట్టే పని ఒకటుంది. మౌసు పట్టుకునుడు నేర్పినంక "ఇయ్యాల ఏం తారీఖు, కంప్యూటర్ల చూసి చెప్పుండ్రి" అంట. ఇన్నేండ్లల్ల నేను చూసింది ఏందంటే, చెప్పకున్నా సరే అందరి చెయ్యి గడియారం దిక్కే పోతది. చదువుకున్నోళ్లదైనా, చదువుకోనోళ్లదైనా. మా ఊర్ల క్లాక్ టవర్ కింద నిలబడి ఎవలన్నా తల పైకెత్తిండ్రంటే టైం కోసమే కదా, గట్లనే. గడియారం కాడ టైం ఉంటది, టైం ఉన్నకాడ తారీఖు ఉంటది, తారీఖు నొక్కితె నెల మొత్తం కనబడాలె, ఇది వాళ్లకు ఎవ్వరు నేర్పలే, వాళ్లే అనుకుంటరు. ఆ అనుకునుడే అసలు సంగతి. డబ్బా తయారు చేసేటోళ్లు పట్టుకోవాల్సింది దాన్నే.

పోయినేడు ఒక పెద్దమనిషి వచ్చిండు, ఆర్టీసీల కండక్టర్ చేసి రిటైర్ అయిండు, వాళ్ల ఊరి పాల సంఘం లెక్కలు కంప్యూటర్ల ఎక్కియ్యాలని నేర్చుకోను వచ్చిండు. దసరా ఏ వారం పడ్డదో చూద్దామని గడియారం నొక్కిండు. క్యాలెండర్ రాలే. ఎర్రటి గుర్తుల తోని ఐదారు మెసేజీలు లేచినయి, మీ కంప్యూటర్ల వైరస్ ఉన్నది, వెంటనే ఇది నొక్కుండ్రి అని. అవి నిజం వైరస్ మెసేజీలు కావు, ఎప్పుడో ఎవరో ఏదో వెబ్‌సైట్ల "అలో" (అంటె ఒప్పుకుంట) అని నొక్కితె బ్రౌజర్ల నుంచి వచ్చే దొంగ మెసేజీలు. క్యాలెండర్ ఏమో వాటి కింద మడత పెట్టి ఒక్క గీత లెక్క ఉన్నది. ఆయన చెయ్యి మౌసు మీదికెళ్లి తీసేసిండు, "సారూ నేనేం చెయ్యలే, ఉత్తగ తారీఖు చూసిన గంతే" అన్నడు. ముప్ఫై ఏండ్లు బస్సుల వేలమందికి టికెట్లు కొట్టి చిల్లర లెక్క తప్పని మనిషి, ఒక్క నొక్కుడుకు భయపడి మల్ల రెండు రోజులు ఆ మూలకు చెయ్యి పోనియ్యలే. నాకు అప్పుడు మస్తు బాధైంది, ఆయన తప్పు ఏం లేదు, ఆయన అడిగింది ఒకటి, తెర చెప్పింది ఇంకొకటి.

ఇవి రెండు వేరే వేరే ప్రశ్నలు. "ఇయ్యాల ఏం తారీఖు, ఏం వారం, పండుగకు ఎన్నొద్దులున్నయి" ఇది ఒక ప్రశ్న, ఇది నేను అడుగుత. "నన్ను ఎవలన్నా పిలిచిండ్రా, నాకేమన్నా వచ్చిందా" ఇది ఇంకో ప్రశ్న, దీనికి జవాబు అవతలోళ్ల చేతుల ఉన్నది. మన ఇండ్లల్ల చూడుండ్రి, క్యాలెండర్ గోడకు మొలకు ఏలాడుతది, ఎనకట ఉత్తరాలు వస్తె ఇనుప తీగకు గుచ్చి పెట్టేటోళ్లు, అది వేరే మూల ఉండేది. క్యాలెండర్ మీద ఉత్తరాలు గుచ్చిన ఇల్లు నేనైతే చూడలే. ఎవలన్నా గట్ల చేస్తె ఇంట్ల ముసలమ్మ ముందుగాల అడిగేది, తిథి ఎట్ల కనబడతది రా అని.

అట్లని రెండు కలిపినోళ్లు ఆలోచన లేకుండ కలిపిండ్రు అని నేను అంటలేను, న్యాయంగ మాట్లాడాలె. లైనక్స్‌ల గ్నోమ్ అనే, తెర ఎట్ల కనబడాలో చూసుకునే డెస్క్‌టాప్ ఉన్నది, ఉబుంటు అనే రకం లైనక్స్ ఎక్కిచ్చుకుంటె వచ్చేది అదే. దాంట్ల ముందు మెసేజీలన్ని తెర కింద దాసిపెట్టినట్టు ఉండేవి, అవి ఎక్కడున్నయో చానా మందికి దొరికేటివి కావు. 2015 మార్చిల వచ్చిన 3.16 వెర్షన్ల వాటిని తీస్కొచ్చి పైన నడుమ గడియారం కింద పెట్టిండ్రు, గడియారం నొక్కితె ఎడమ పక్క మెసేజీలు, కుడి పక్క క్యాలెండర్. వాళ్ల లెక్క నాకు అర్థమైంది ఏందంటే, అయిపోయింది ఒక పక్క, రాబోయేది ఇంకో పక్క, రెండూ కాలం సంగతే. ఇది నాకు పూర్తిగ నచ్చకపోయినా పక్కపక్కన పెట్టుడు ల ఒక మంచి ఉన్నది, మెసేజీలు ఎన్నొచ్చినా క్యాలెండర్‌ను కిందికి తొయ్యవు. విండోస్ 10ల రెండూ వేరేగ ఉండేవి, గడియారం నొక్కితె సెకన్ల తోని పెద్ద టైం, నెల, దాని కింద ఆ రోజు పనులు, మెసేజీలకు పక్కన వేరే గుర్తు. 2021 అక్టోబర్ల వచ్చిన విండోస్ 11ల రెండూ ఒక్క నొక్కుడు కిందికి తెచ్చిండ్రు, మెసేజీలు పైన క్యాలెండర్ కింద, క్యాలెండర్‌ను ముడిచి ఒక్క వరుస చేసే బాణం గుర్తు కూడ పెట్టిండ్రు, సెకన్ల గడియారం, రోజు పనుల జాబితా తీసేసిండ్రు. జనం అడగంగ అడగంగ 2025ల పెద్ద గడియారం మల్ల తెచ్చిండ్రు, పనుల జాబితా కూడ తెస్తమని అదే ఏడు నవంబర్ల చెప్పిండ్రు. మ్యాక్‌ల 2020ల వచ్చిన బిగ్ సర్ సంది గడియారం నొక్కితె నోటిఫికేషన్ల పట్టీ వస్తది, నెల క్యాలెండర్ కావాలంటే విడ్జెట్ (తెర మీద పెట్టుకునే చిన్న డబ్బా) లెక్క మనమే పెట్టుకోవాలె. లైనక్స్లనే ఇంకో డెస్క్టాప్ అయిన కేడీఈ ప్లాస్మాల మాత్రం నోటిఫికేషన్ల గంట గుర్తు వేరే, గడియారం వేరే, గడియారం నొక్కితె క్యాలెండరే. నా మటుకు నాకు ఆ పద్ధతి సక్కగున్నది అనిపిస్తది, మా పిల్లలకు దాన్ని చూపెట్టినప్పుడు నేను చెప్పాల్సిన అవసరమే పడలే.

ఇన్ని చెప్పుడు ఎందుకంటే, తీసేసింది మల్ల తెచ్చుడు అంటే ఏంది, అది జనానికి అవసరమే అని ఒప్పుకున్నట్టే కదా, నాలుగేండ్లు పట్టింది. ముందే అడిగితె అయిపోయేది.

ఇప్పుడు మా దిక్కు జనం ఆ డబ్బాల ఏం చూస్తరో చెప్త, ఇది ఏ పెద్ద ఊర్ల ఆఫీసుల కూసున్నోళ్లకు తెల్వదు. అన్నిట్లకంటె ముందు వారం. తారీఖు కాదు, వారం. నకిరేకల్, దేవరకొండ, మునుగోడు దిక్కు పల్లెలల్ల బతుకు అంగడి మీద నడుస్తది, ఫలానా ఊర్ల అంగడి ఏ వారం అనే దాని మీద కూరగాయలు కొనుడు, గొర్లు అమ్ముడు, చిట్టీ పైసలు కట్టుడు అన్నీ ఉంటయి. "రేపు ఏం వారం" అని అడుగుతరు గానీ "రేపు ఎంత తారీఖు" అని పల్లెల తక్కువ అడుగుతరు. విండోస్ల కింద గీతల మామూలుగ టైం, తారీఖే కనబడతయి, వారం కనబడాలంటే దాని మీద మౌసు ఆపాలె, లేకపోతె నొక్కాలె. మ్యాక్‌ల మాత్రం వారం పైన రాసే ఉంటది. దీనికి ఒక ఉపాయం ఉన్నది, చానా మందికి తెల్వదు, మీ పాఠకులకు పనికొస్తది అని చెప్తున్న: కంట్రోల్ ప్యానెల్ల రీజియన్ అని ఉంటది, దాంట్ల అడిషనల్ సెట్టింగ్స్, అండ్ల డేట్, షార్ట్ డేట్ అనే కాడ ముందట చిన్న డి అక్షరం మూడుసార్లు కొట్టి ఒక ఖాళీ ఇడిస్తె వారం కూడ కింద కనబడుడు మొదలైతది. నేను మా సెంటర్ల అన్ని కంప్యూటర్లకు గట్లనే పెట్టిన. కానీ ఇంత చిన్న దానికి నాలుగు గదులు దాటి పోవాల్నా, గడియారం మీద కుడి నొక్కు నొక్కితె "వారం చూపెట్టు" అని ఒక్క మాట ఉంటె ఎంత మంచిగుండు.

రెండోది తారీఖు రాసే వరుస. ఇది ఇంకా నొప్పి. అమెరికాల నెల ముందు రాసి తర్వాత రోజు రాస్తరు, మనం రోజు ముందు రాస్తం. కంప్యూటర్ ఎక్కిచ్చేటప్పుడు భాష కాడ ఇంగ్లీష్ అమెరికా అని ఇడిసిపెడితె తారీఖులన్నీ వాళ్ల లెక్కనే వస్తయి, సెకండ్ హ్యాండ్ల కొన్న వాటిల్ల చానా వరకు గట్లనే ఉంటున్నయి. మా దగ్గర నేర్చుకునే ఒక డిగ్రీ అమ్మాయి నవంబర్ల తన ల్యాప్‌టాప్ల పరీక్ష ఫీజుకు గుర్తు పెట్టుకున్నది, డిసెంబర్ 4 అనుకొని 4, గీత, 12 అని కొట్టింది. అది ఏప్రిల్ 12 అని తీసుకున్నది. పిల్ల నిశ్చింతగ ఉన్నది, కంప్యూటర్ మోగుతది కదా అని, అది మోగలే, ఆఖరు రోజు దాటిపోయింది, లేట్ ఫీజు కట్టింది. వాళ్ల నాయిన కూలి పనికి పోతడు, ఆ పైసలు ఆ ఇంటికి తక్కువేం కావు. ఆ పిల్ల నన్ను అడిగింది, "సార్, నేను తప్పు కొట్టిన్నా" అని. తప్పు కొట్టలే బిడ్డా అన్న. నెలను అంకెల చూపెట్టకుండ డిసెంబర్ అనో, డిసెం అనో అక్షరాలల్ల చూపెడితె ఈ గోస ఉండదు, అది ఏ దేశపోడు చూసినా ఒక్క తీరే అర్థమైతది. గుర్తు పెట్టేటప్పుడు పక్కన్నే "ఇంకా 20 రోజులకు, గురువారం" అని రాసి చూపెట్టినా తప్పు అప్పుడే దొరికిపోతది.

మూడోది తిథి. దీని గురించి మాట్లాడితె కొందరు సాఫ్ట్‌వేర్ పిల్లలు నవ్వుతరు, ఇది మతం సంగతి అనుకుంటరు. కాదు, ఇది రోజు లెక్క. మా దిక్కు అమాసకు కొందరు బండి కట్టరు, కొత్త పని మొదలుపెట్టరు, మేస్త్రీలు పనికి రారు. ఎంగిలిపూల బతుకమ్మ భాద్రపద అమాస నాడే, అక్కడికెళ్లి సద్దుల దాకా లెక్క వేసుకొని ఆడబిడ్డలను తోలుకొస్తరు. పీర్ల పండుగ మా పల్లెలల్ల హిందువులు ముస్లింలు అందరు కలిసి చేస్తరు, అది నెలవంక లెక్క, ఏటా పదకొండు రోజుల దగ్గర్ల ముందుకు జరుగుతది. ఈ రెండు చంద్రుని లెక్కలు మా దగ్గర ప్రతి ఇంటికి కావాలె. గోడ క్యాలెండర్ల అవి ఉన్నయి కాబట్టే ఇంకా అందరు గోడ దిక్కే చూస్తున్నరు. నేను చూస్త, ముందట ఇంత పెద్ద తెర ఉండంగ, తల తిప్పి వెనక గోడ మీదున్న క్యాలెండర్ చూసి మల్ల కంప్యూటర్ల కొడ్తరు.

ఇది చెయ్యలేని పనా అంటె కాదు. విండోస్ల గడియారం డబ్బాకు అదనపు క్యాలెండర్ అనే సెట్టింగ్ ఉన్నది, చైనా వాళ్ల చాంద్రమానం తారీఖులు అంకెల పక్కన చిన్నగ కనబడేటట్టు పెట్టుకోవచ్చు. అంటె జాగ ఉన్నది, పద్ధతి ఉన్నది, మన లెక్కనే లేదు. తిథి అంటె సూర్యునికి చంద్రునికి నడుమ దూరం 12 డిగ్రీలు పెరిగేటందుకు పట్టే కాలం, అట్ల 30 తిథులైతె ఒక చాంద్రమాన నెల, చంద్రుని నడక ఒక్క తీరుగ ఉండదు కాబట్టి ఒక తిథి 19 గంటలకే అయిపోవచ్చు, 26 గంటల దాకా సాగవచ్చు. పొద్దు పొడిచేటప్పుడు ఏ తిథి ఉంటె మామూలుగ ఆ రోజుకు అదే లెక్క. పొద్దు పొడుసుడు ఊరును బట్టి మారుతది కాబట్టి కంప్యూటర్‌కు ఊరు తెల్వాలె, అది ఇప్పుడు వాతావరణం చూపెట్టను ఎట్లాగూ ఊరు అడుగుతనే ఉన్నది. ఇందుల కష్టం లెక్క చేసుడు ల లేదు, చూపెట్టుడు ల ఉన్నది. కంప్యూటర్ రోజు రాత్రి 12కు మారుతది, తిథి ఏ టైంకైనా మారొచ్చు, అట్లయితె అంకె పక్కన ఒక్క పేరు రాస్తె సరిపోదు, "ఏకాదశి, మధ్యాహ్నం 2 దాకా" అన్నట్టు రాయాలె, మన గోడ క్యాలెండర్ల ఎన్నేండ్ల సందో గట్లనే రాస్తున్నరు. ఇది అందరికి బలవంతంగ పెట్టమంటలేను, కావాలన్నోళ్లు పెట్టుకునేటట్టు ఇయ్యమంటున్న. ఇంకో చిన్న మాట, మన గోడ క్యాలెండర్లు చానా వాటిల్ల వారాలు ఎడమ పక్క పైనుంచి కిందికి ఉంటయి, తారీఖులు కిందికి దిగుతయి, కంప్యూటర్ల పైన అడ్డంగ ఉంటయి. మా దగ్గరికి వచ్చే పెద్దోళ్లు కొందరు ఆదివారం నుంచి కిందికి చదువుకుంటపోతరు, 1 తర్వాత 8 ఎట్లొచ్చింది అని ఆగుతరు. అలవాటైతది, కానీ అలవాటు అయ్యేదాకా వాళ్లకు తెలివి లేదని ఎవ్వరు అనొద్దు, వాళ్లు చదివేది వాళ్ల ఇంటి పద్ధతి.

సెలవులు కూడ అంతే, బ్యాంకులకు 2015 సెప్టెంబర్ సంది రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు, ఈ కంప్యూటర్ క్యాలెండర్లల్ల ఆ రంగు తేడా ఎక్కడుంటది, రైతు పదిహేను కిలోమీటర్లు ఆటోల వచ్చి షట్టర్ చూసి పోతడు.

ఇగ నోటిఫికేషన్ల సంగతి. విండోస్ల మెసేజ్ లేచి మామూలుగ 5 సెకన్లు ఉంటది. 5 సెకన్లల్ల నేను చదువుత, మీరు చదువుతరు, కానీ కొత్తగ అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివే అంగన్‌వాడీ ఆయమ్మ చదవదు, ఆమె కళ్లద్దాలు సరి చేసుకునే లోపల అది పోతది, "ఏదో వచ్చింది సారూ, పోయింది" అంటది, అది ఎటు పోయిందో తెల్వక ఆమెకు మనసుల పడదు. సెట్టింగ్స్ల యాక్సెసిబిలిటీ అని ఉన్నది, దాంట్ల విజువల్ ఎఫెక్ట్స్ కాడ ఆ టైం 5 నిమిషాల దాకా పెంచుకోవచ్చు, నేను పెద్దోళ్లు కూసునే కంప్యూటర్లకు 30 సెకన్లు పెట్టిన, అప్పటిసంది ఆ మాట మల్ల వినలే. మొదటిసారి ఎక్కిచ్చేటప్పుడే ఎంతసేపు ఉండాలె అని ఒక్క ప్రశ్న అడిగితె ఏం పోయింది.

"అన్నీ తుడుచు" అనే బటన్ మా దగ్గర ఎవ్వరు నొక్కరు. ఎందుకు అని అడిగితె, "నొక్కితె మెయిల్ పోతది కదా సార్" అంటరు. నోటిఫికేషన్ తుడిస్తె మెయిల్ పోదు, అది ఉత్త చిట్టీ మాత్రమే, అసలు ఉత్తరం డబ్బాలనే ఉంటది అని నేను ప్రతి బ్యాచ్‌కు చెప్పాల్సి వస్తున్నది. వాళ్ల భయంల న్యాయం ఉన్నది, ఇంకో కాడ తుడుచు అంటె నిజంగనే తుడుచుకుపోతది, ఇక్కడ మాత్రం పోదు అని వాళ్లకెట్ల తెలుస్తది? "ఈ పట్టీ నుంచి తీసెయ్యి, మెయిల్ ఉంటది" అన్నట్టు రాస్తె సరిపాయె. తుడుచుకపోయి ఖాళీ అయినంక కూడ, ఇయ్యాల వచ్చినవి ఏమేం అని మల్ల చూసుకునే జాగ ఒకటి ఉండాలె, ఆండ్రాయిడ్ ఫోన్లల్ల 2020ల వచ్చిన 11వ వెర్షన్ల నోటిఫికేషన్ హిస్టరీ పెట్టిండ్రు, ఫోన్ల ఉన్నది కంప్యూటర్ల ఉంటదని అనుకునుడు తప్పు కాదు, జనం ఇప్పుడు ముందు ఫోన్ నేర్చుకొని తర్వాత కంప్యూటర్ కాడికి వస్తున్నరు.

తెలుగు మాటల గురించి కూడ ఒకటి చెప్పాలె. కొన్ని అనువాదాలల్ల నోటిఫికేషన్లను "ప్రకటనలు" అని రాస్తరు. పేపర్ చదివేటోళ్లకు ప్రకటన అంటె అడ్వర్టైజ్‌మెంట్, మీ పేపర్లనే చూడుండ్రి. "ప్రకటనలు ఆపు" అని ఉంటె అడ్వర్టైజ్‌మెంట్లు ఆగుతయి అనుకొని నొక్కుతరు, తర్వాత ఆఫీసు మెయిల్ వచ్చిన సంగతి తెల్వక ఇబ్బంది పడుతరు. నోటిఫికేషన్ అనే మాట ఫోన్ల పుణ్యాన ఇయ్యాల పల్లెలల్ల కూడ తెల్వనోళ్లు లేరు, అదే రాయుండ్రి. తెలుగు చెయ్యాలని తెల్వని తెలుగు తెచ్చి పెడితె భాషకు మేలు జరగదు, నేను తెలుగు ఇష్టంతోనే ఈ మాట అంటున్న.

బ్రౌజర్ల నుంచి వచ్చే దొంగ మెసేజీల సంగతి ఆ కండక్టర్ సారు కాడ చెప్పిన. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరిల వచ్చిన 72వ వెర్షన్ సంది వెబ్‌సైట్లు తమంతట తాము "అలో" అని అడిగే డబ్బాను ముందుకు తెచ్చుడు ఆపింది, క్రోమ్ కూడ అదే ఏడు ఫిబ్రవరిల నిమ్మలంగ అడిగే పద్ధతి తెచ్చింది. మంచి పని. అయినా ముందు అలో కొట్టినవి అట్లనే ఉంటయి, కాబట్టి మీ పాఠకులకు ఒక మాట, బ్రౌజర్ సెట్టింగ్స్ల సైట్ సెట్టింగ్స్, దాంట్ల నోటిఫికేషన్స్ తెరిచి, తెల్వని పేర్లన్నీ ఒక్కొక్కటి తీసెయ్యుండ్రి, పది నిమిషాల పని, కంప్యూటర్ సగం నిమ్మలమైతది. నా కోరిక ఏందంటె, ఇట్ల బయటి వెబ్‌సైట్ల నుంచి వచ్చేది, కంప్యూటర్ స్వయంగ చెప్పేది, రెండూ ఒక్క రంగుల ఒక్క తీరుగ కనబడొద్దు. కరెంటు ఆఫీసు కాగితం, గోడ మీద అంటించిన పోస్టర్ రెండూ ఒక్క తీరు కాగితం మీద రావు కదా.

1994ల జాకబ్ నీల్సన్ అనే ఆయన కంప్యూటర్ తెరలు ఎట్లుండాలె అని పది సూత్రాలు చెప్పిండు, ప్రపంచం మొత్తం ఇప్పటికి కాలేజీలల్ల అవే చెప్తరు. దాంట్ల రెండోది ఏందంటె, తెర అనేది వాడే మనిషి భాషల, ఆ మనిషి బయటి లోకంల చూసిన పద్ధతిల మాట్లాడాలె అని. నేను పైన రాసినయన్నీ ఆ ఒక్క సూత్రం కిందికే వస్తయి, కొత్తగ నేను కనిపెట్టింది ఏం లేదు. కాకపోతె ఆ "బయటి లోకం" అన్న కాడ ఎవ్వరి లోకం అని ఎవ్వరు అడుగుతలేరు. నల్లగొండ, పాలమూరు కూడ బయటి లోకమే. మైక్రోసాఫ్ట్ ఇండియా డెవలప్‌మెంట్ సెంటర్ 1998 సంది హైదరాబాద్ల ఉన్నది, మన రెండు జిల్లాల పిల్లలు హైదరాబాద్ల ఎన్నో కంపెనీలల్ల పని చేస్తున్నరు, వాళ్ల ఇండ్లల్ల అవ్వ తాతలు ఇంకా అమాస పున్నం లెక్కనే పెడుతరు. వాళ్లు పండుగకు ఇంటికొచ్చినప్పుడు ల్యాప్‌టాప్ తాత ముందట పెట్టి, ఏం చెప్పకుండ, "తాతా, రేపు ఏం వారమో చూసి చెప్పు" అని అడిగి నోరు మూసుకొని చూస్తె చాలు, తాత చెయ్యి ఎటు పోతుందో, ఎక్కడ ఆగుతుందో. నోరు మూసుకునుడే కష్టం, నాకు కూడ మొదట్ల రాలే, "అటు కాదు ఇటు" అనాలని నాలుక ఆగేది కాదు. ఇప్పుడు ఆపుకుంట, చేతులు ఎనక కట్టుకొని నిలబడుత.

మా నల్లగొండల మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఉన్నది, మహబూబ్‌నగర్ల పాలమూరు యూనివర్సిటీ ఉన్నది, చుట్టు ఇంజనీరింగ్ కాలేజీలున్నయి. మా దగ్గరికి ప్రాజెక్ట్ ప్రింట్లకు వచ్చే పిల్లలను నేను ఏటా చూస్తున్న, లైబ్రరీ మేనేజ్‌మెంట్, అటెండెన్స్ సిస్టం, మల్ల అవే. గ్నోమ్ల గడియారం డబ్బా మారుద్దామంటె ఎవ్వరిని అడిగే పని లేదు, దాని కోడ్ అందరికి తెరిచే ఉన్నది, దానికి అదనంగ తగిలించే ఎక్స్‌టెన్షన్లు జావాస్క్రిప్ట్ల రాస్తరు, కేడీఈల విడ్జెట్లయితె క్యూఎంఎల్ అనే కోడ్ భాషల రాస్తరు, ఈ రెండూ మూడో ఏడు పిల్లలకు వచ్చే విద్యలే. వారం పెద్దగ, నెల పేరు అక్షరాలల్ల, కింద తిథి ఎప్పటిదాకా ఉందో ఒక వరుస, దాని కింద హిజ్రీ (ముస్లింల నెలవంక లెక్క) తారీఖు, మెసేజీలకు పక్కన వేరే గంట గుర్తు. ఇంతే. సార్లు ఎవలన్నా ఈ ఉత్తరం చదివితె, ఈ ఏడు ఒక్క బ్యాచ్‌కన్నా ఇది ప్రాజెక్ట్ కింద ఇయ్యుండ్రి అని చేతులు జోడించి అడుగుతున్న.

చేసిన పిల్లలు దాన్ని పట్టుకొని మా సెంటర్‌కు రావొచ్చు. పొద్దుగాల 7 గంటలకు పెద్దోళ్ల బ్యాచ్ ఉంటది, ఎనిమిది మంది, అందుల ఇద్దరికి తెలుగు ఒక్కటే వస్తది, ఒకాయనకు చెయ్యి వణుకుతది. కిటికీ పక్కన ఒక కంప్యూటర్ ఖాళీ పెట్టిన, దాంట్ల ఉబుంటు ఎక్కిచ్చి ఉన్నది. కండక్టర్ సారు ఇప్పుడు కూడ వస్తున్నడు, ముందుగాల ఆయననే కూసోబెడుత.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మాస్టర్,
క్లాక్ టవర్ సెంటర్ దగ్గర, నల్లగొండ